దూరపు కొండలకు సంచి సర్దేటప్పుడు

నంద్యాలలో మే నెల ఎలా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. పొద్దున తొమ్మిదింటికే రోడ్లు సెగలు కక్కుతాయి. మిట్టమధ్యాహ్నం 45 డిగ్రీల దాకా ఎగబాకే ఎండలో బజారుకు వెళ్లాలంటే నెత్తిన తువ్వాలు ఉండాల్సిందే. చిత్రమేమిటంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే నంద్యాల, ఆళ్లగడ్డల్లో కొన్ని ఇళ్లలో బీరువా అడుగు నుంచి స్వెటర్లు బయటికొస్తాయి! ఫ్యాను కింద కూర్చుని చెమటలు తుడుచుకుంటూ మంకీ టోపీలు, ఉన్ని మేజోళ్లు లెక్కపెడుతుంటారు. కేదార్‌నాథ్ దర్శనాల కాలం అదే మరి. పిల్లలకు సెలవులూ అప్పుడే.

ఒకప్పుడు హిమాలయ యాత్ర అంటే బాధ్యతలన్నీ తీరాక చేసేది. ఇప్పుడలా కాదు. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేసే కొడుకు స్నేహితులతో కలిసి మంచుకొండల్లో ట్రెక్కింగ్‌కు పోతాడు. ఉద్యోగ విరమణ చేసిన తండ్రి, తల్లిని వెంటబెట్టుకుని కేదార్‌నాథో, అమర్‌నాథో, నేపాల్‌లోని ముక్తినాథో బయల్దేరతాడు. కొడుకుది సాహసం, తల్లిదండ్రులది భక్తి. కొండకు మాత్రం ఆ తేడా తెలియదు. అందరి ఊపిరితిత్తులకూ దొరికేది అదే పలుచటి గాలి. అందరి సంచుల్లోనూ కనిపించే లోపం కూడా ఒకటే... ఎండ నేర్పిన అలవాట్లన్నిటినీ మడతపెట్టి చలికొండ మీదికి మోసుకెళ్లడం!

పల్లకీ లేదు... వీపే ఉంది

ఈ ప్రాంతానికి దూరయాత్రలు కొత్త కాదు. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య అహోబిలం, మహానందిల మీదుగానే శ్రీశైలం చేరారు. పదిహేను నెలల పైచిలుకు సాగిన ఆ ప్రయాణంలో ఆయన వెంట పెద్ద పరివారం ఉంది. పల్లకీ మోసే బోయీలున్నారు. డేరాలున్నాయి. నేటి యాత్రికుడికి అంత బలగం ఎక్కడిది? కొండదారి మొదలయ్యాక ప్రతి వస్తువునూ మోయాల్సింది సొంత వీపే. కాదంటే ఓ కంచరగాడిద. అందుకే ‘ఏం తీసుకెళ్లాలి’ అన్నదానికంటే ‘ఏం వదిలేయాలి’ అన్నదే పెద్ద ప్రశ్న.

దూరపు కొండలు నునుపు అంటారు. దగ్గరికెళ్తే ఎలా ఉంటాయో అంకెలు చెబుతాయి. నంద్యాల సముద్రమట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తున ఉంది. నల్లమలలో ఎత్తయిన శిఖరాలు కూడా వెయ్యి మీటర్లకు కాస్త అటూ ఇటూ. అదే కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. అమర్‌నాథ్ గుహ 3,888 మీటర్లు. ముక్తినాథ్ 3,700 మీటర్ల పైనే. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ 5,364 మీటర్లు. ఇక 2020 నుంచి ఆగిపోయి 2025లో మళ్లీ మొదలైన కైలాస మానససరోవర యాత్రలో డోల్మా లా కనుమ 5,600 మీటర్లు దాటుతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుంది. గాలి పీడనమూ తగ్గిపోతుంది. 5,500 మీటర్ల దగ్గర అది సముద్రతీరంలో ఉండేదానిలో సగమే. అంటే ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు కూడా సగమే!

నూలు బనీనుకు సెలవు

పత్తి పండే నేల ఇది. నూలు బట్టను మించిన హాయి లేదని ఇక్కడ పుట్టినవారికి వేరే చెప్పాలా? నూలు చెమటను పీల్చుకుంటుంది. తడిసిన బట్టకు గాలి తగిలితే ఒళ్లు చల్లబడుతుంది. మే నెల ఎండలో అది వరం. కానీ 3,500 మీటర్ల ఎత్తులో అదే శాపం. ఎక్కేటప్పుడు పట్టిన చెమటంతా నూలు బనీను పీల్చుకుంటుంది. ఆగి కూర్చోగానే ఐసులా వీపుకు అంటుకుంటుంది. అక్కడ త్వరగా ఆరదు. ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. జీన్స్ ప్యాంటు ఇంకా అన్యాయం. తడిస్తే బరువుకు బరువు, చలికి చలి.

మరేం వేసుకోవాలి? లావుపాటి స్వెటరు ఒకటి వేసుకుంటే సరిపోతుందనుకుంటారు చాలామంది. ఒక్క మందపాటి బట్ట కంటే మూడు పొరలు మేలు. ఒంటికి అంటుకుని ఉండే మొదటి పొర పాలిస్టరుదో, సన్నటి ఉన్నిదో అయితే చెమటను నిలవనివ్వదు. దుకాణాల్లో ‘థర్మల్స్’ పేరుతో దొరుకుతాయి. కొనేటప్పుడు నూలువి కాకుండా చూసుకోవాలి. రెండో పొర వేడిని పట్టి ఉంచే ఫ్లీస్ జాకెట్టో, ఉన్ని స్వెటరో. మూడోది గాలినీ వాననూ ఆపే జాకెట్టు. ఎక్కుతుంటే ఒకటి తీయాలి, ఆగితే వెంటనే వేసుకోవాలి. చలి వేశాక వేసుకుందాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యమవుతుంది.

చీరతోనే కొండ ఎక్కే అమ్మలు ఎందరో. కుచ్చిళ్లు తడిస్తే ఆ తేమ మోకాళ్ల దాకా పాకుతుంది. కాళ్లకు అడ్డంపడి జారే ప్రమాదమూ ఉంది. నడిచే రెండు రోజులు లోపల థర్మల్స్‌తో సల్వారు వేసుకుని, దర్శనానికి చీర కట్టుకుంటే దేవుడేమీ అనుకోడు. అలవాటు లేదంటారా? అయితే ఇంటి దగ్గరే నాలుగు రోజులు వేసుకుని నడిస్తే బిడియం పోతుంది.

పడుకునేటప్పుడు వేసుకునే జత ఒకటి విడిగా ఉండాలి. దాన్ని గట్టి ప్లాస్టిక్ కవరులో చుట్టేసి, పగలు ఎంత చలేసినా ముట్టుకోకూడదు. రాత్రికి ఒక పొడి జత మిగిలి ఉండటం అక్కడ ఎంత ధైర్యమో తడిసి ముద్దయినవారికే తెలుస్తుంది.

పాదం బాగుంటేనే ప్రయాణం

చెప్పులేసుకుని ఊరంతా తిరిగే కాళ్లకు బూట్లంటే విసుగే. అందుకే చాలామంది ప్రయాణానికి రెండు రోజుల ముందు కొత్త బూట్లు కొంటారు. వాటితోనే కొండ మొదలుపెడతారు. పది కిలోమీటర్లకే మడమలు బొబ్బలెక్కుతాయి. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కు ఒకప్పుడు 14 కిలోమీటర్ల నడక. 2013 జూన్ వరదల్లో పాత దారి కొట్టుకుపోయాక ఇప్పుడు ఇంకా ఎక్కువే. బొబ్బలెక్కిన కాలితో ఆ దారి నరకమే.

బూట్లు కనీసం నెల ముందు కొనాలి. సాయంత్రం పూట, మందపాటి మేజోళ్లు వేసుకుని సైజు చూసుకోవాలి. దిగేటప్పుడు వేళ్లు ముందుకు తోసుకొస్తాయి కాబట్టి ముందు కాస్త చోటుండాలి. చీలమండను పట్టి ఉంచేవి, అడుగున లోతైన గాళ్లు ఉన్నవి ఎంచుకోవాలి. కాలిగోళ్లు కత్తిరించుకోవడం చిన్న విషయంలా ఉంటుంది కానీ, దిగేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. మూడు జతల మేజోళ్లు, ఒక చేతికర్ర ఉంటే పాదాల సంగతి చాలావరకు చూసుకున్నట్లే. కర్ర ఇక్కడి నుంచి మోసుకెళ్లక్కర్లేదు. యాత్రాదారుల మొదట్లో దొరుకుతాయి.

డబ్బాలో పచ్చడి... సీసాలో నీళ్లు

రాయలసీమ సంచిలో కారం లేకుండా ఉంటుందా? పప్పుల పొడి, ఊరగాయ తప్పకుండా చేరతాయి. కొండ మీద ఆకలి చచ్చిపోతుంది. నోటికి ఏదీ సయించదు. అలాంటప్పుడు ఓ చెంచాడు పప్పుల పొడి నాలుగు ముద్దలు తినిపిస్తుందంటే అది దండగ బరువు కాదు. కానీ మూడు కిలోల పచ్చడి జాడీ మాత్రం దండగే. నూనె కారితే బట్టలన్నీ పోతాయి. చిన్న డబ్బా చాలు. దానికి తోడు వేరుశనగ ఉండలు, నువ్వుండలు, ఖర్జూరాలు, ఎండబెట్టిన జొన్నరొట్టెలు... తక్కువ బరువుతో ఎక్కువ బలమిచ్చేవి ఇంట్లోనే ఉన్నాయి. చాక్లెట్ బార్లకు వందలు పోయనక్కర్లేదు. నడిచే రోజు ఉపవాసం మాత్రం వద్దు. వంట్లో వేడి పుట్టాలంటే పొయ్యిలో కట్టె ఉండాలి కదా!

నీళ్ల విషయంలోనూ ఎండాకాలపు లెక్క పనికిరాదు. ఇక్కడ దాహమే గుర్తుచేస్తుంది. అక్కడ దాహం వేయదు. కానీ పొడిగాలిలో వేగంగా ఊపిరి పీల్చడం వల్ల ఒంట్లో నీరు తెలియకుండానే పోతుంది. దప్పిక లేకపోయినా రోజంతా కొద్దికొద్దిగా తాగుతూనే ఉండాలి. గట్టకట్టే చలిలో రాత్రిపూట సీసాను అంచుదాకా నింపకూడదు. తలకిందులుగా పెట్టాలి. మంచు పైభాగంలో ముందు కడుతుంది కాబట్టి పొద్దున మూత దగ్గర నీళ్లు నీళ్లుగానే ఉంటాయి.

ఇక స్నానం. మహానంది కోనేట్లో పొద్దున్నే మునిగి లేచే హాయి ఈ ప్రాంతం వారికి చిన్నప్పటి నుంచి అలవాటు. అహోబిలంలాగే ముక్తినాథ్ కూడా 108 వైష్ణవ దివ్యదేశాల్లో ఒకటి. అక్కడ గుడి వెనక 108 ధారలున్నాయి. వాటి కింద తడుస్తూ పరుగెత్తడం భక్తులకు ఆనవాయితీ. కానీ అవి మంచుకొండల నీళ్లు. గుండెజబ్బు, బీపీ ఉన్నవారు తలపై చిలకరించుకుంటే చాలు. తడిసేవారు తువ్వాలు, పొడి బట్టలు, టోపీ ముందుగానే ఇంటివారి చేతికిచ్చి దిగాలి. సంచి వెతుక్కుంటూ తడిబట్టలతో నిలబడితే దడ పుడుతుంది.

ఎవరి మందులు వారి దగ్గరే

దంపతులు ప్రయాణం కడితే ఇంట్లో మందుల డబ్బా ఒకటే ఉంటుంది. అది ఆయన సంచిలోకి చేరుతుంది. తీరా కొండ దగ్గర ఆమె గుర్రమెక్కుతుంది, ఆయన నడుస్తాడు. మధ్యలో వాన. ఇద్దరూ కలిసేది సాయంత్రానికి. మధ్యాహ్నం వేసుకోవాల్సిన బీపీ మాత్ర, రెయిన్‌కోటు, టార్చి అన్నీ ఆయన వీపు మీదే! అందుకే ఇద్దరికి ఒక సంచి అనే లెక్క కొండ మీద కుదరదు. ఎవరి మందులు, ఎవరి నీళ్లు, ఎవరి రెయిన్‌కోటు, ఎవరి కొంత డబ్బు, ఎవరి ఆధార్ నకలు వారి దగ్గరే ఉండాలి. పెద్ద సంచిని కంచరగాడిద మీద వేసినా ఈ చిన్న సంచి మాత్రం వీపు దిగకూడదు.

చక్కెర జబ్బు ఉన్నవారికి ఇంకో జాగ్రత్త. ఇన్సులిన్‌ను ఎండ నుంచి కాపాడటమే ఇక్కడ అలవాటు. అక్కడ గడ్డకట్టకుండా కాపాడాలి. ఒకసారి గడ్డకడితే అది పనికిరాదు. చొక్కా లోపలి జేబులో పెట్టుకోవాలి. ఫోను, పవర్ బ్యాంకు కూడా అంతే. చలికి చార్జింగ్ త్వరగా పడిపోతుంది. రాత్రి వాటిని పక్కలో వేసుకుని పడుకోవడమే. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకశ్మీర్‌లో పనిచేయవు కాబట్టి అమర్‌నాథ్ వెళ్లేవారు కనీసం ఒక పోస్ట్‌పెయిడ్ నంబరైనా వెంట ఉంచుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఎత్తు వల్ల వచ్చే జబ్బును గుర్తుపట్టడం. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా రావచ్చు. తలనొప్పి, వికారం, నీరసం, నిద్ర పట్టకపోవడం మొదటి లక్షణాలు. వాటిని ‘ప్రయాణ బడలిక’ అనో, ‘పైత్యం’ అనో కొట్టిపారేస్తారు. ఆ స్థితిలో ఇంకా పైకి వెళ్లకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడకలో తూలినా, మాట తడబడినా ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతోందని అనుమానించాలి. అర్ధరాత్రయినా సరే కిందికి దించాలి. ఆక్సిజన్ ఇచ్చినా, మందు వేసినా కిందికి దించడం మానకూడదు.

చాలామంది జేబులో కర్పూరం బిళ్లలు పెట్టుకుంటారు. వాసన చూస్తే ముక్కుకు హాయిగా ఉంటుందే తప్ప రక్తంలో ప్రాణవాయువు పెరగదు. దుకాణాల్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బా కొద్ది నిమిషాల ముచ్చటే. ఎసిటజోలమైడ్ మాత్రలు కొందరికి ఉపయోగపడతాయి. కానీ డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి. నిద్రమాత్రలు, మద్యం అసలొద్దు. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రి పడుకున్న చోటికీ, మర్నాటి రాత్రి పడుకునే చోటికీ 500 మీటర్లకు మించి తేడా లేకుండా చూసుకోవడం, మూడు నాలుగు రోజులకోసారి విశ్రాంతి తీసుకోవడం... ఇదే అసలైన మందు. నాలుగు రోజుల్లో అన్నీ చూపించి తీసుకొస్తామనే ప్యాకేజీలో ఈ మందుకు చోటుండదు. డబ్బు కట్టే ముందే ఏ రాత్రి ఎంత ఎత్తులో పడకో అడిగి తెలుసుకోవాలి.

సర్దడంలోనే సగం సుఖం

అరవై కిలోల మనిషి పన్నెండు కిలోలకు మించి మోయకపోతే మంచిది. పెద్దవారికి ఐదారు కిలోలు చాలు. స్లీపింగ్ బ్యాగు, రాత్రి బట్టలు అడుగున. బరువైనవి మధ్యలో, వీపుకు ఆనుకుని. రెయిన్‌కోటు, ఫ్లీస్ జాకెట్టు పైన చేతికందేలా. బరువైనవి వెనక్కి వేలాడితే సంచి మనిషిని వెనక్కి లాగుతుంది. నడుం పట్టీ బిగిస్తే భారం భుజాల మీద కాకుండా తుంటి మీద పడుతుంది. పైన వేసే కవరును నమ్ముకోకుండా సంచి లోపల ఓ పెద్ద ప్లాస్టిక్ కవరు పరిచి అందులో సర్దితే వాన ఎంత కొట్టినా బట్టలు పొడిగా ఉంటాయి. అదే కవరు తిరిగి రావాలి. కొండ మీద వదిలేయకూడదు.

నల్లకళ్లజోడు షోకు కాదు. పైకి వెళ్లేకొద్దీ సూర్యుడి అతినీలలోహిత కిరణాల తీవ్రత పెరుగుతుంది. మంచు వాటిని అద్దంలా తిప్పికొడుతుంది. ఒక్క పూట కళ్లజోడు లేకపోయినా కళ్లు మండి చూపు మసకబారవచ్చు. ‘నంద్యాల ఎండ చూసిన ఒళ్లు, ఆ ఎండొక లెక్కా’ అనుకుంటే మొహం కమిలిపోతుంది.

అహోబిలంలో తొలి పరీక్ష

ఆళ్లగడ్డ వారికి ఒక అదృష్టం ఉంది. పరీక్ష రాసుకోవడానికి కొండ పక్కనే ఉంది. ఎగువ అహోబిలం నుంచి భవనాశి వెంట జ్వాలా నరసింహస్వామి దాకా ఎక్కి దిగితే కాళ్లు, బూట్లు, సంచి... మూడింటి బండారమూ బయటపడుతుంది. ఉగ్రస్తంభం దారి ఇంకా కఠినం. అడవి దారి కాబట్టి తెలిసినవారిని వెంటబెట్టుకుని, అనుమతులు చూసుకుని, చీకటి పడకముందే దిగిపోవాలి. హిమాలయానికి తీసుకెళ్లాలనుకున్న సంచిని యథాతథంగా వీపున వేసుకుని ఒకసారి వెళ్లొస్తే, ఇంటికి రాగానే అందులోంచి సగం సామాను దానంతటదే బయటికొస్తుంది! చీకటితో లేచి రోజూ గంట నడక, మెట్లెక్కడం రెండు నెలల ముందే మొదలుపెట్టాలి.

అయితే ఒక మాట. నల్లమల కాళ్లకు బలమిస్తుంది కానీ, పలుచటి గాలిని అలవాటు చేయలేదు. జ్వాలా నరసింహస్వామి దగ్గరికి పరుగెత్తి ఎక్కిన కుర్రాడికి కేదార్‌నాథ్‌లో తలనొప్పి రావచ్చు. నెమ్మదిగా నడిచే తాతకు ఏమీ కాకపోవచ్చు. ఎత్తు జబ్బు కండబలాన్ని చూసి రాదు. ‘నాకేం అవుతుంది’ అనుకునే వయసువారే లక్షణాలు దాచిపెడతారు.

సంచిలో పట్టనిది

వేడినేల మీద పుట్టినవారికి మంచుకొండ అందదని కాదు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఆమెతోపాటు ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్‌కుమార్ కూడా ఎక్కాడు. భువనగిరి రాతిగుట్ట మీద మొదలైన వారి శిక్షణ డార్జిలింగ్, లడఖ్‌ల మీదుగా సాగింది. ఒక్కో మెట్టూ అలవాటు చేసుకుంటూ పోవడమే ఆ విజయ రహస్యం.

నెల్లూరు జిల్లా నుంచి వెళ్లిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. అంతటి అనుభవజ్ఞుడూ 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు కోల్పోయారు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్‌కు కర్ణాటక నుంచి వెళ్లిన బృందం మంచుతుపానులో చిక్కుకుంది. తొమ్మిది మంది తిరిగి రాలేదు. ఇవి ఎవరినో తప్పుపట్టడానికి చెప్పే సంగతులు కావు. ఎంత బాగా సర్దుకున్నా కొండ మాటే చివరి మాట అని గుర్తుంచుకోవడానికి. మబ్బు కమ్మితే ఆగడం, ఒంట్లో బాగోలేదని తోటివారికి చెప్పడం, అవసరమైతే గుడి కనిపిస్తున్నా వెనక్కి తిరగడం... ఇవి ఏ సంచిలోనూ పట్టవు. ఇంటి దగ్గరే మనసులో సర్దుకుని వెళ్లాలి. అమ్మానాన్నలను పంపే పిల్లలు కూడా ‘దర్శనం అయిందా’ అని కాకుండా ‘తలనొప్పి ఉందా, ఏమైనా తిన్నారా’ అని ముందు అడిగితే, వెనక్కి తిరగడానికి వారికి మొహమాటం ఉండదు.

ఇల్లు విడిచి వెళ్లేటప్పుడు ‘పోతాం’ అనడం మనవారికి పట్టింపు. ‘పోయొస్తాం’ అనే అంటారు. పోవడానికి ఎలాంటి సంచి అయినా సరిపోతుంది. సర్దేదంతా ఆ ‘వస్తాం’ అన్న మాట కోసమే.